ఓనర్ చేత, అసోసియేషన్ చేత పొడి చెత్తకు ఏర్పాటు చేయించుకోవడం: వరంగల్ అపార్ట్‌మెంట్ల వాళ్లకు సమగ్ర మార్గదర్శి

హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడు ఊళ్లలోనూ గల్లీకో అపార్ట్‌మెంట్ లేచింది. వాటిలో కిరాయికి ఉండేవాళ్లు బాగానే ఉంటారు. వంటింట్లో తడి చెత్త బకెట్లో, పొడి చెత్త సంచిలో వేరుగా పెట్టుకునే ఇళ్లు కూడా తక్కువేం కాదు. అవి కిందికి దిగేసరికి సెల్లార్ మూలన ఒకటే డ్రమ్ము ఉంటుంది. అన్నం మెతుకులు, పాలకవర్లు, అట్టపెట్టెలు, పిల్లల డైపర్లు అన్నీ అందులోకే. పైన వేరుచేసిన శ్రమంతా అక్కడ నీళ్లపాలు.

కిరాయిదారు ఎంత శ్రద్ధ ఉన్నవాడైనా సెల్లార్‌లో అడుగు జాగా తనంతట తాను తీసుకోలేడు. వాచ్‌మన్‌కు పని పురమాయించలేడు. ఆ రెండూ ఓనర్ చేతిలోనో, అసోసియేషన్ చేతిలోనో ఉంటాయి. అందుకే వాళ్లను కదిలించాలి. కదిలించేటప్పుడు "మాకు డబ్బా కావాలి" అని అడగొద్దు. డబ్బా కొనిచ్చి చేతులు దులుపుకోవడం తేలిక, నెల తిరిగేలోపు అదీ ఇంకో డ్రమ్ము అయిపోతుంది. అడగాల్సింది నాలుగు: పెట్టడానికి చోటు, వేయడానికి డబ్బాలు, చూసుకోవడానికి మనిషి, బయటికి పోవడానికి దారి. నాలుగింటిలో ఏది లేకపోయినా మిగతా మూడూ కూలిపోతాయి.

మొదటి అడుగు: ఎవరిని అడగాలో తేల్చుకోవడం

మన దగ్గర భవనాలు మూడు రకాలు. ఒకే ఓనర్ కట్టించి అంతస్తుకు రెండో మూడో పోర్షన్లు కిరాయికిచ్చిన బిల్డింగ్ ఒకటి. ఇక్కడ మాట్లాడాల్సింది ఆయన ఒక్కరితోనే. రెండోది ఫ్లాట్లు వేర్వేరు ఓనర్లవి, నడిపేది అసోసియేషన్. మీ ఓనర్ సౌదీలోనో అమెరికాలోనో ఉండి, కిరాయి బ్యాంకులో పడితే చాలనుకునే మనిషి కావచ్చు. అయినా అసోసియేషన్‌లో ఓటు ఆయనదే. కాబట్టి ముందు ఆయనకు వాట్సాప్‌లో రెండు ముక్కలు రాయండి: "మీటింగ్‌లో ఈ విషయం నా ద్వారా చెప్పిస్తారా?" అని. "సరే, మా తరఫున మాట్లాడండి" అని జవాబొస్తే ఆ మెసేజ్‌ను దాచుకోండి, మీటింగ్‌లో అదే మీకు అధికారం. మూడోది, బిల్డర్ ఇంకా అసోసియేషన్‌కు అప్పగించని భవనం. మెయింటెనెన్స్ ఎవరి పేరున వసూలవుతోందో రసీదు చూడండి, బాధ్యత వాళ్లదే.

అసోసియేషన్ ఉందంటారు గాని చాలాచోట్ల అది రిజిస్టర్ అయి ఉండదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద గాని, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద గాని రిజిస్టరైతే తీర్మానాల పుస్తకం, బైలాలు ఉంటాయి. అవి చూపించమని అడగండి. లేకపోయినా పని ఆగదు, తీర్మానం మీద సంతకాలు ఎక్కువ పెట్టించుకుంటే సరిపోతుంది.

రెండో అడుగు: నిబంధన ఏం చెబుతోందో తెలుసుకుని వెళ్లడం

2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే నివాసుల సంక్షేమ సంఘాల మీద సూటిగా బాధ్యత పెట్టాయి. చెత్తను పుట్టినచోటే వేరుచేయించాలి, వేరుచేసినదాన్ని వేరుగానే తీసుకుపోయే వీలు కల్పించాలి, పనికొచ్చే సామానును చెత్త ఏరేవాళ్లకో రీసైక్లింగ్ చేసేవాళ్లకో అప్పగించాలి అని. అందుకు ఏడాది గడువు కూడా ఇచ్చాయి. ఆ నియమాల స్థానంలో కొత్తవి 2026 జనవరిలో వచ్చి, ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం చెత్త నాలుగు రకాలు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనది. డైపర్లు, ప్యాడ్లు శానిటరీ కింద. పెయింటు డబ్బాలు, బల్బులు, పాదరసం థర్మామీటర్లు, మందులు ప్రత్యేక జాగ్రత్త కింద.

ఒకే ఓనర్ ఉన్న బిల్డింగ్‌లో ఉండేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నియమాలు వేరుచేసే బాధ్యతను చెత్త పుట్టించే ప్రతి ఒక్కరి మీదా పెట్టాయి, అంటే మీ మీద కూడా. మీ వాదన అక్కడే మొదలవుతుంది: "వేరుచేసి అప్పగించాల్సిన బాధ్యత నాది. కానీ కింద వేరుగా పెట్టే చోటు మీ అదుపులో ఉంది. చోటివ్వకపోతే నేను నిబంధన పాటించలేను, జరిమానా పడితే అది బిల్డింగ్ పేరు మీదే పడుతుంది." ఈ మాట చెప్పినప్పుడు కాదనే ఓనర్ అరుదు. అమెరికాలో పిల్లలున్న ఓనర్లయితే ఇంకో మాట కూడా పనికొస్తుంది: కాలిఫోర్నియాలో 2012 జులై నుంచే ఐదు ఇళ్లకు తగ్గని భవనాలన్నీ రీసైక్లింగ్ ఏర్పాటు చేయాల్సిందే.

పెద్ద భవనాలకు ఇంకో లెక్క ఉంది. 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టడం గాని, రోజుకు 40,000 లీటర్లు, ఆపైన నీటి వాడకం గాని, రోజుకు 100 కిలోలు, ఆపైన చెత్త గాని ఉంటే దాన్ని భారీ వ్యర్థ ఉత్పత్తిదారుగా లెక్కిస్తారు. మూడింటిలో ఒక్కటి చాలు. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, ఇంటికి నలుగురు అనుకుంటే 75 ఫ్లాట్ల దగ్గరే నీటి హద్దు దాటుతుంది. బోరు నీళ్లకు మీటరు లేదని తప్పించుకోవడం కుదరదు. ఓవర్‌హెడ్ ట్యాంకు రోజుకు ఎన్నిసార్లు నింపుతున్నారో వాచ్‌మన్‌ను అడిగితే లెక్క నిమిషంలో తేలుతుంది. ఈ హద్దు దాటిన చోట తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే ఎరువు చేయడమో, గ్యాస్ తీయడమో చేయాలి. 30 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు ఆ బరువు లేదు, వేరుచేసి అప్పగిస్తే చాలు.

మూడో అడుగు: ఏడు రోజులు తూకం వేయడం

మీటింగ్‌లో "చాలా చెత్త వస్తోంది" అంటే ఎవరూ వినరు. అంకె చెప్పండి. 50 కిలోల వరకు తూచే డిజిటల్ కొక్కెం కాంటా ఒకటి తెచ్చి, సోమవారం నుంచి ఆదివారం దాకా కింది డ్రమ్మును రోజూ ఒకే వేళకు తూచి పుస్తకంలో రాయండి. మధ్యలో ఒకరోజు నేల మీద పాత ఫ్లెక్సీ పరిచి, గ్లౌజులు వేసుకుని, డ్రమ్మును గుమ్మరించి తడి, పొడి, శానిటరీ వేరుచేసి విడివిడిగా తూచండి. ఫోటో తీయండి.

ఇంటికి రోజుకు ఒకటిన్నర కిలో చొప్పున 30 ఫ్లాట్లకు 40-45 కిలోలు వస్తాయనుకోవచ్చు. సగానికి పైగా తడి, ఎనిమిది తొమ్మిది కిలోలు పొడి, మిగతాది ఊడ్చిన దుమ్ము, డైపర్లు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. బరువు తడి చెత్తది, జాగా పొడి చెత్తది. 24 కిలోల తడి చెత్త 60 లీటర్లలో ఒదిగిపోతుంది. తొమ్మిది కిలోల పొడి చెత్తకు, అట్టపెట్టెలు విప్పి చదును చేసినా, 170-180 లీటర్లు కావాలి. బరువును చూసి తడికి పెద్ద డబ్బా, పొడికి చిన్న డబ్బా కొనే అసోసియేషన్లలో పొడి చెత్త రెండో రోజే పొంగి, తడి డబ్బాలోకి దొర్లుతుంది.

మామిడిపళ్ల కాలంలో తూకం వేస్తే తడి బాగా ఎక్కువ కనిపిస్తుంది. దసరా ముందు వేస్తే ఆన్‌లైన్ పార్సిళ్ల అట్టలు ఎక్కువ. ఏ నెలలో తూచారో పుస్తకంలో రాసుకోండి.

నాలుగో అడుగు: ఉత్తరం

నోటి మాట నిలవదు. ఒక్కరే సంతకం పెట్టి ఇవ్వొద్దు, ముఖ్యంగా కిరాయికి ఉన్నవాళ్లు. "నచ్చకపోతే ఖాళీ చేయండి" అనే మాట ఒంటరిగా వెళ్లినవాళ్లకే వినిపిస్తుంది. ఐదారు ఇళ్ల సంతకాలు, అందులో ఒకరిద్దరు సొంత ఫ్లాటు వాళ్లు ఉండేలా చూసుకోండి. ఉత్తరం పొడుగు అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"అధ్యక్షులు గారికి (లేదా ఓనర్ గారికి) నమస్కారం. మన భవనంలో రోజుకు సగటున … కిలోల చెత్త వస్తోంది. ఏడు రోజుల తూకం ఈ ఉత్తరంతో జతచేశాం. ఘన వ్యర్థాల నియమాల ప్రకారం దీన్ని వేరుగా పెట్టి, వేరుగా అప్పగించాలి. ఇందుకోసం సెల్లార్‌లో … స్తంభం పక్కన 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు స్థలం, నాలుగు రకాలకు డబ్బాలు, వాచ్‌మన్ కుటుంబానికి నెలకు … రూపాయల అదనపు భత్యం ఏర్పాటు చేయగలరని కోరుతున్నాం. ఒక్కసారి అయ్యే ఖర్చు ఫ్లాటుకు … రూపాయలు, నెలనెలా … రూపాయలు. ఇళ్లలో వేరుచేసే బాధ్యత మాది. 15 రోజుల్లో మీ నిర్ణయం తెలియజేయగలరు."

ఖాళీల్లో అంకెలు మీరే నింపి ఇవ్వండి. డబ్బాల ధర, స్టాండు ధర రెండు దుకాణాల్లో అడిగి కొటేషన్ జతచేయండి. అన్నీ తేల్చి ఇచ్చిన ఉత్తరానికి "చూద్దాం" అని జవాబివ్వడం కష్టం. రెండో ప్రతి మీద తేదీ, సంతకం తీసుకోండి. తీసుకోకుండా నాన్చుతుంటే స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి.

ఐదో అడుగు: చోటు

గొడవంతా ఇక్కడే. సెల్లార్‌లో ప్రతి గజం ఎవరిదో ఒకరి పార్కింగ్. ఎవరి కారు జాగానూ అడగకండి. స్తంభాల మధ్య బండి పట్టని మూలలు, ర్యాంపు పక్క సందు, గేటు లోపలి గోడ వెంట దారి ఇలాంటివి టేపుతో కొలిచి చూడండి. 10 అడుగులు × 3 అడుగులు అంటే ఒక కారు జాగాలో పావు వంతు కూడా కాదు.

మూడుచోట్ల మాత్రం ఎంత బతిమాలినా ఒప్పుకోవద్దు. ఒకటి, కరెంటు మీటర్ల బోర్డు, జనరేటర్, ఎలక్ట్రిక్ స్కూటర్లు చార్జింగ్ పెట్టే చోటు పక్కన. అట్ట, ప్లాస్టిక్ ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటాయి, పొగ మెట్ల దారిలోనే పైకి ఎక్కుతుంది. రెండు, మెట్ల కింద. ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి అందరూ ముందు చూపించేది అదే, కానీ మంటలొస్తే జనం దిగాల్సిన దారి కూడా అదే. మూడు, సంపు మూత దగ్గర. డబ్బాలు కడిగిన నీళ్లు ఎటు పోతాయో చూసుకోవాలి.

2020 ఆగస్టు, 2023 జులై వానలకు హనుమకొండ, హంటర్ రోడ్డు వైపు చాలా ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మీ సెల్లార్ గోడ మీద ఆ నీటి గీత ఇంకా కనిపిస్తుంటే స్టాండును దానికి పైన అమర్చండి. తడిసిన అట్టను స్క్రాప్ దుకాణం వాళ్లు సగం బరువుకే తీసుకుంటారు, లేదంటే అసలే తీసుకోరు. నీళ్లలో తేలిపోయిన కవర్లు తిన్నగా నాలాలోకే పోతాయి.

ఆరో అడుగు: డబ్బాలు, స్టాండు

30 ఫ్లాట్లకు ఇవి సరిపోతాయి. తడి చెత్తకు మూతున్న 120 లీటర్ల ఆకుపచ్చ చక్రాల డబ్బాలు రెండు. ఒక్కటే చాలుగా అంటారు. పండగ రోజునో, బండి రాని రోజునో రెండోది లేకపోతే అంతా బయటికి పొంగుతుంది. ఆదివారం చికెన్, మటన్ ఎముకలు సోమవారం దాకా ఆగితే కంపు మూడో అంతస్తు దాకా కొడుతుంది. పొడి చెత్తకు 240 లీటర్ల నీలం డబ్బా ఒకటి. డైపర్లు, ప్యాడ్లకు కాలితో తొక్కితే మూత తెరుచుకునే 60 లీటర్ల ఎరుపు డబ్బా ఒకటి. బల్బులు, బ్యాటరీలు, కాలం చెల్లిన మందులకు గోడకు తగిలించిన తాళమున్న పెట్టె ఒకటి, పిల్లల చేతికి అందని ఎత్తున.

పొడి చెత్త డబ్బా పక్కన స్టాండు ఉండాలి. వెల్డింగ్ షాపులో ఇనుప యాంగిలర్‌తో చేయిస్తారు. 6 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. పై చట్రాన్ని అడుగుకొకటి చొప్పున ఆరు గళ్లు చేసి, ప్రతి గడికీ నాలుగు మూలలా కొక్కేలు పెట్టించండి. 50 కిలోల బియ్యం బస్తా నోరు ఆ కొక్కేలకు సరిగ్గా పట్టి, బస్తా తెరుచుకుని నిలబడుతుంది, అడుగు నేలకు తగలదు. గడి ఇంతకన్నా పెద్దదైతే బస్తా నోరు చిరుగుతుంది, చిన్నదైతే ముడుచుకుపోయి సామాను బయట పడుతుంది. ఇంత సన్నటి స్టాండు బరువు ఒకవైపు పడితే ఒరిగిపోతుంది కాబట్టి గోడకు రెండు బోల్టులు తప్పకుండా వేయించండి.

ఆరు బస్తాలు: పేపర్లు, పుస్తకాలు ఒకటి. నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు ఒకటి. షాంపూ, నూనె, ఫినాయిల్ డబ్బాల్లాంటి గట్టి ప్లాస్టిక్ ఒకటి. పాలకవర్లు, మెత్త కవర్లు ఒకటి. ఇనుము, రేకు, అల్యూమినియం ఒకటి. అమ్ముడుపోనివి, అంటే చిప్స్ ప్యాకెట్లు, సాచెట్లు, థర్మాకోల్ ఒకటి. అట్టపెట్టెలు బస్తాలో పెట్టొద్దు, టేపు చింపి చదును చేసి సుతిలితో కట్టలు కట్టి పక్కన నిలబెట్టాలి. గాజు సీసాలకు ప్లాస్టిక్ ట్రే. పగిలిన గాజు, బ్లేడ్లు, ఇన్సులిన్ సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, మీద "సూదులు" అని రాసి ఇవ్వాలి. కవర్లో చుట్టి వేస్తే అది వేరుచేసే మనిషి అరచేతిలో దిగుతుంది.

ఒక హెచ్చరిక. ఈ ఆరు గళ్లు ఇంటివాళ్ల కోసం కాదు. పొద్దున ఆఫీసుకు ఉరికే మనిషికి ఆరు బస్తాలు చూపిస్తే ఏదో ఒకదాంట్లో వేసి పోతాడు. ఇంటివాళ్లకు ఒక్క నీలం డబ్బా చాలు. దాంట్లోంచి ఆరుగా వేరుచేయడం ఆ పనికి డబ్బు తీసుకునే మనిషి పని. ఇళ్లకు చెప్పాల్సినవి మూడే: పొడి సామాను తడి లేకుండా వేయండి. పాలకవర్ను, పెరుగు డబ్బాను గిన్నెలు తోమిన నీళ్లతో ఒకసారి కడిగి ఆరబెట్టండి. పాలకవరు మూల కత్తిరించిన చిన్న ముక్కను కవరుకే వదిలేయండి, ఆ ముక్క విడిపోతే ఎవరూ ఏరలేరు. నల్ల కవర్లో మూటగట్టి వేసేది మాత్రం పూర్తిగా మాన్పించాలి. లోపలేముందో కనిపించదు కాబట్టి మూటను ఎవరూ విప్పరు, అందులోని కూర కారి కింద ఉన్న కాగితమంతా పాడవుతుంది.

ఏడో అడుగు: వాచ్‌మన్, అమ్మగా వచ్చిన డబ్బు

చాలా అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ దంపతులు ఇప్పటికే అట్టలు, సీసాలు ఏరి అమ్ముకుంటున్నారు. తక్కువ జీతంలో అది వాళ్లకు ఒక ఆసరా. ఇది తెలియకనో, తెలిసీనో కొందరు కార్యదర్శులు "ఇక నుంచి స్క్రాప్ డబ్బులు మెయింటెనెన్స్ ఖాతాలో పడాలి" అంటారు. అన్నరోజే ఏర్పాటు చచ్చిపోతుంది. పంచితే నెలకు ఇంటికి మిగిలేది కొద్దిపాటి డబ్బే గాని, రోజూ చెత్తలో చేయి పెట్టే కుటుంబానికి నోటికాడి కూడు పోతుంది. ఆ తర్వాత తడీ పొడీ కలిసినా వాళ్లు పట్టించుకోరు. ఎందుకు పట్టించుకోవాలి?

అందుకే తీర్మానంలో స్పష్టంగా రాయించండి: పొడి చెత్త అమ్మగా వచ్చిన డబ్బు మొత్తం వేరుచేసే కుటుంబానిదే, దాన్ని చూపి జీతంలో కోత పెట్టరాదు. దానికి తోడు నెలనెలా భత్యం. ఎందుకంటే డైపర్లు, చిప్స్ ప్యాకెట్ల మీద పైసా రాదు, వాటిని మోసేదీ వాళ్లే. రబ్బరు గ్లౌజులు నెలకు రెండు జతలు, సబ్బు, దగ్గర్లో కుళాయి అసోసియేషన్ ఖర్చు. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించండి. ఐదో అంతస్తు నుంచి చెత్త దింపే మనిషిని లిఫ్టు ఎక్కొద్దనే భవనాలు మన ఊళ్లో ఇంకా ఉన్నాయి. అది తప్పు, తీర్మానంలో ఈ ఒక్క వాక్యం తప్పక చేర్చండి: చెత్త దింపే సమయంలో లిఫ్టు వాడుకోవచ్చు.

స్క్రాప్ దుకాణం వాళ్లను వారానికి రెండుసార్లు రమ్మనండి. తూకం మీ కాంటా మీద కూడా వేసి సరిచూసుకోండి, బరువును పుస్తకంలో రాయండి. డబ్బు వాచ్‌మన్‌దే అయినా, బరువు లెక్క అసోసియేషన్‌కు కావాలి. రేపు మున్సిపల్ వాళ్లు అడిగితే చూపించాల్సింది అదే.

ఎనిమిదో అడుగు: తీర్మానం, కిరాయినామా

మీటింగ్ ఆదివారం సాయంత్రం పెట్టించండి, ఎజెండాలో మొదటి అంశంగా. తీర్మానంలో ఉండాల్సినవి: స్థలం ఎక్కడ, కొలత ఎంత. డబ్బాలెన్ని. ఎవరు చూస్తారు, ఎంత భత్యం. కలిపేసి ఇచ్చే ఇంటికి మొదట నోటి మాట, తర్వాత రాతపూర్వక హెచ్చరిక, ఆ తర్వాతే జరిమానా. జరిమానాతో మొదలుపెట్టొద్దు. ఎవరు వేశారో తేల్చడానికి సీసీ కెమెరా చూస్తూ కూర్చోవడం, అక్కడి నుంచి అంతస్తుల మధ్య పగలు రావడమే మిగులుతుంది.

కిరాయినామా మన దగ్గర 11 నెలలకోసారి తిరగరాస్తారు. అప్పుడు రెండు వాక్యాలు చేర్పించుకోండి: "చెత్తను వేరుచేసి పెట్టడానికి తగిన స్థలం, డబ్బాలు ఇంటి యజమాని ఏర్పాటు చేయవలెను. కిరాయిదారు తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త చెత్తను వేరుగా ఉంచి ఆ డబ్బాలలో వేయవలెను." రెండు వైపులా బాధ్యత ఉంది కాబట్టి ఓనర్లు అభ్యంతరం చెప్పరు.

తొమ్మిదో అడుగు: బండి, కార్పొరేషన్

వరంగల్‌కు ఇది కొత్త విద్య కాదు. 2012 అక్టోబరులోనే ఈ ఊళ్లో క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ పెట్టి, ఇంటింటికీ తిరిగి తడి, పొడి వేరుగా సేకరించారు. ఇప్పుడు 66 డివిజన్లున్న గ్రేటర్ కార్పొరేషన్‌లో ఇంటింటికీ స్వచ్ఛ ఆటోలు తిరుగుతున్నాయి. మీ గల్లీకి బండి వచ్చే వేళ మున్సిపల్ పారిశుద్ధ్య జవాన్‌ను అడిగి, గేటు దగ్గర రాసి పెట్టండి.

మీరు వేరుచేసి ఇస్తే బండిలో కలిపేస్తున్నారన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. ముందు బండిలో తడికీ పొడికీ మధ్య అడ్డు ఉందో లేదో చూడండి. ఉండి కలిపితే డ్రైవర్‌తో పోట్లాడొద్దు. మిగతా గల్లీ అంతా కలిపి ఇస్తుంటే మీ ఒక్కరిది వేరుగా పెట్టే జాగా ఆయనకు ఉండదు. తేదీ, వేళ, బండి నంబరు, ఫోటోతో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు రాయండి. అమ్ముడుపోయే పొడి చెత్త ఎలాగూ స్క్రాప్ దుకాణానికి పోతోంది, కాబట్టి ఈలోపు మీకు పోయేది తక్కువ. అమ్ముడుపోని బస్తాను మాత్రం మూతి కట్టి, విడిగా చేతికివ్వండి. మూట కట్టినదాన్ని ఎవరూ విప్పి కలపరు.

ఓనర్ ససేమిరా అంటే

15 రోజుల గడువు దాటాక ఉత్తరం ప్రతి, తూకం పుస్తకం, ఫోటోలు పట్టుకుని డివిజన్ శానిటరీ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లండి. "మా బిల్డింగ్‌కు వచ్చి చూసి, నియమాల ప్రకారం నోటీసు ఇవ్వండి" అని రాతలో కోరండి. కార్పొరేటర్‌కు, వార్డు కమిటీ సభ్యులకు ఒక ప్రతి. కదలకపోతే కార్పొరేషన్‌లోని ఆరోగ్య విభాగం, కమిషనర్. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, దరఖాస్తుకు రసీదు ఇస్తారు.

దానితోపాటు సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో తెలుగులోనే ఒక దరఖాస్తు వేయండి. మూడు ప్రశ్నలు చాలు: చెత్త వేరుచేయని అపార్ట్‌మెంట్ల మీద చర్యలకు కార్పొరేషన్ ఉపవిధులేమిటి, మా డివిజన్‌లో గత ఏడాది ఎన్ని నోటీసులిచ్చారు, భారీ వ్యర్థ ఉత్పత్తిదారుల జాబితా ఏది. జవాబుకు గడువు 30 రోజులు. ఓనర్ పేరును దరఖాస్తులో రాయకండి. జాబితా అడిగితే సరిపోతుంది, మీ ఇంటికి ముప్పు రాదు.

మొదలైన తర్వాత తడబడే చోట్లు

మొదటి పది రోజులు అందరూ పాటిస్తారు. మూడో వారంలో కొత్త కిరాయిదారు దిగుతారు, ఆయనకు ఎవరూ చెప్పరు, డబ్బా మళ్లీ కలగాపులగం. కాబట్టి తాళం చెవులతో పాటే ఒక కాగితం ఇవ్వాలి, అందులో బొమ్మలుండాలి. మన అపార్ట్‌మెంట్లలో ఉత్తరాది కుటుంబాలూ ఉన్నాయి, కాజీపేటలో రైల్వే వాళ్లైతే మరీ. ఒక పక్క తెలుగు, రెండో పక్క హిందీ అచ్చు వేయండి.

వినాయక చవితి పత్రి, బతుకమ్మ తంగేడు, గునుగు, బంతిపూలు తడి చెత్తే. కానీ దండల దారం, మెరుపు కాగితం తీసేసి వేయాలి. ఆ తొమ్మిది రోజులు పూలకు వేరుగా ఒక గోనె సంచి పెడితే తడి డబ్బా బరువు తగ్గుతుంది. వాచ్‌మన్ సంక్రాంతికి ఊరెళ్తే ఆ నాలుగు రోజులు ఎవరు చూస్తారో ముందే రాసుకోండి.

అన్నిటికన్నా పెద్ద గుట్ట ఇల్లు ఖాళీ చేసే రోజున పడుతుంది, ముఖ్యంగా వేసవి సెలవుల్లో. పాత పరుపు, విరిగిన కుర్చీ, టీవీ అట్టపెట్టె, పిల్లల పుస్తకాలు, పనిచేయని మిక్సీ. వీటిని సెల్లార్‌లో వదిలిపోతే నెలరోజులు కదలవు. ఖాళీ చేసే వారం ముందే స్క్రాప్ మనిషికి ఫోన్ చేయించి, పుస్తకాలు, ఇనుము, కుర్చీ ఆయనకే నేరుగా ఇప్పించండి. మిక్సీ, పాత ఫోన్లు, ఉబ్బిన బ్యాటరీలు బస్తాలో వేయనివ్వకండి. అవి ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే పోవాలి. పరుపుకు మున్సిపల్ ట్రాక్టర్ కావాలని జవాన్‌కు ముందురోజే చెప్పాలి. అడ్వాన్సు తిరిగిచ్చే ముందు సెల్లార్ ఒకసారి చూసిరమ్మని ఓనర్‌కు గుర్తుచేస్తే, ఆ పరుపు వానాకాలం దాకా అక్కడే నానుతూ పడి ఉండదు.